ఎగబడి పట్టే కార్నర్ పిల్లాడిని అంచనా వేయడం ఎలా

దసరా, సంక్రాంతి వచ్చాయంటే పరకాల, నర్సంపేట, జనగామ, భూపాలపల్లి చుట్టుపక్కల ఏదో ఒక ఊళ్లో కబడ్డీ టోర్నమెంట్ నడుస్తూనే ఉంటుంది. అలాంటి చోట తరచూ ఒక పోరడు కనిపిస్తాడు. పదిహేడో పద్దెనిమిదో ఏళ్లుంటాయి. పేరుకు కార్నర్ (పట్టేవాళ్ల వరుసలో చివరి మూల కాసేవాడు), కానీ రైడర్ ఇంకా చెయ్యి చాపకముందే మీదికి ఉరుకుతాడు. పట్టు దొరికితే ఈలలు, మైకులో "మన ఊరి ఫజల్" అని, ఇరాన్ కార్నర్ ఫజల్ అత్రాచలితో పోల్చి పొగడ్త. దొరక్కపోతే సొంత టీం సీనియర్లే "గంత ఆగమెందుకురా" అని అందరి ముందూ తిడతారు.

ఇలాంటి పిల్లాడు ప్రొ కబడ్డీ దాకా పోతాడా అని మిమ్మల్ని ఎవరైనా అడగొచ్చు. మీరు పీఈటీ సారు కావచ్చు, ఊరి టీం నడిపే అన్న కావచ్చు, ఆ పిల్లాడి బాపే కావచ్చు. ఒక్క మ్యాచ్ చూసి జవాబు చెప్పకండి. తక్కువలో తక్కువ మూడు నాలుగు మ్యాచులు, అందులో ఒకటైనా వాడి టీం చిత్తుగా ఓడింది, చూసి మాట్లాడాలి. ఎట్లా చూడాలో కింద రాస్తున్నాను. నా పక్షపాతం ఏమిటో ముందే చెప్పేస్తాను: కుదురుగా ఆడే పిల్లాడి కన్నా ఎగబడే పిల్లాడి మీదే నేను ఎక్కువ ఆశ పెట్టుకుంటాను. ఎప్పుడు ఆగాలో ఏ మంచి కోచ్ అయినా రెండు సీజన్లలో నేర్పగలడు. వచ్చే రైడర్ మీదికి భయం లేకుండా పోవడం పద్దెనిమిదేళ్లు దాటాక కొత్తగా రావడం చాలా అరుదు. అయితే ఎగబడేవాళ్లందరూ ఒక్క తీరు కాదు. చూడాల్సిందల్లా ఆ తేడానే.

ముందు పోటీ ఎంతుందో తెలుసుకోండి

2014లో 8 టీంలతో మొదలైన ప్రొ కబడ్డీలో 2017 నుంచి 12 టీంలున్నాయి. టీంకు ఇద్దరు కార్నర్లు. అంటే దేశం మొత్తం మీద మొదటి ఏడుగురిలో కార్నర్‌కు ఉన్న జాగాలు 24. అందులో కొన్ని ఇరాన్ వాళ్లవి. లెఫ్ట్ కార్నర్ ఫజల్ అత్రాచలిని 2018 వేలంలో యు ముంబా కోటి రూపాయలకు తీసుకుంది. మొహమ్మద్‌రెజా షాద్‌లూయిని పదో సీజన్‌కు పుణెరి పల్టన్ 2.35 కోట్లకు కొన్నది. ఆ సీజన్‌లో అతను 99 ట్యాకిల్ పాయింట్లు తెచ్చాడు, టీం కప్పు గెలిచింది. ఎగబడే కార్నర్‌కు మార్కెట్‌లో ఎంత విలువుందో ఈ అంకెలే చెబుతున్నాయి. ఆ విలువ ఎంత కొద్దిమందికి దక్కుతుందో కూడా వీటిలోనే ఉంది. వాళ్ల బాపుతో మాట్లాడేటప్పుడు రెండూ కలిపే చెప్పండి.

కూర్చునే చోటు మార్చండి

మనమందరం స్కోరర్ బల్ల దగ్గర, మధ్య గీతకు ఎదురుగా కూర్చుంటాం. రైడర్‌ను చూడ్డానికి అది మంచి జాగానే. కార్నర్‌ను చూడాలంటే ఎండ్ లైన్ వెనక్కి, వాడు నిలబడే మూలకు కొంచెం పక్కగా పోవాలి. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, లాబీలతో కలిపి 10 మీటర్ల వెడల్పు. మధ్య గీత నుంచి బాక్ లైన్ 3.75 మీటర్లు, అక్కడి నుంచి బోనస్ లైన్ ఇంకో మీటరు. బోనస్ లైన్ వెనక మిగిలేది 1.75 మీటర్లే. కార్నర్ బతుకంతా ఆ కొద్ది జాగాలోనే. ఎగబడేవాడు దాన్ని దాటి ముందుకొస్తాడు కాబట్టి ఎన్ని అడుగులు వస్తాడు, ఏ కాలు ముందు వేస్తాడు అన్నది వెనక నుంచే తెలుస్తుంది.

మొదటి పది రైడ్లు రైడర్‌ను అసలు చూడకండి. కష్టమే, కళ్లు వాటంతటవే రైడర్ వైపు పోతాయి. అయినా మీ పిల్లాడి పాదాల మీదే ఉంచండి. మడమలు నేలకు ఆనించి నిలబడ్డాడా, మునివేళ్ల మీద ఉన్నాడా? రైడర్ అవతలి మూలకు పోయినప్పుడు వీడు ఒళ్లు వదిలేస్తున్నాడా, తనూ అర అడుగు జరుగుతున్నాడా? ఆ తర్వాత చెయ్యి చూడండి. కార్నర్ చెయ్యి పక్కనున్న 'ఇన్' ఆటగాడి చేతిలో ఉంటుంది. వీడు ఆ చెయ్యి ఎప్పుడు విడిపించుకుంటాడు? మీదికి పోవడానికి ముందు ఒక్క నొక్కు నొక్కి వదిలితే పక్కవాడికి కబురు అందినట్టు. గుంజుకుని ఉరికితే పక్కవాడు బిత్తరపోయి నిలబడతాడు. ఆ నొక్కు దూరం నుంచి కనిపించదు, కానీ పక్కవాడి ముఖం కనిపిస్తుంది. కార్నర్ కదిలిన క్షణాన్నే ఇన్, అతని పక్కనుండే కవర్ కూడా కదిలితే ఆ టీం వాణ్ని నమ్మింది. వాడు పోయాక "అరే" అన్నట్టు చూస్తూ నిలబడితే, ఎందుకు నమ్మడం లేదో మ్యాచ్ అయ్యాక కనుక్కోండి. వీడికన్నా ఆ ఇన్ ఆడే పిల్లాడే మీకు ఎక్కువ నిజం చెబుతాడు.

కాగితం, పెన్ను

ట్యాకిల్ పాయింట్లు లెక్కపెట్టడం అందరికీ వచ్చు. దానితో వచ్చిన చిక్కేమిటంటే, అది పట్టులు చెబుతుంది, పోగొట్టుకున్నవి చెప్పదు. ఒక పిల్లాడు పన్నెండుసార్లు మీదికి పోయి ఐదు పట్టాడనుకోండి. ఇంకొకడు ఐదుసార్లు పోయి మూడు పట్టాడనుకోండి. టోర్నమెంట్‌లో 'బెస్ట్ క్యాచర్' కప్పు మొదటివాడికే ఇస్తారు. కానీ వాడు ఏడుసార్లు ఔటై బయట కూర్చున్నాడు, ఆ ఏడుసార్లూ మూల వేరేవాడి పాలైంది. రైడర్ తప్పించుకుని పోతే వాణ్ని తాకిన ప్రతివాడూ ఔట్ కాబట్టి, వీడి వెనక సాయానికి ఉరికిన కవర్లు కూడా ఒక్కోసారి వీడితోపాటే బయటికి పోయారు.

అందుకని రైడర్ వాడి వైపు వచ్చిన ప్రతి రైడ్‌కూ ఒక వరుస రాసుకోండి. కోర్టులో మనవాళ్లు ఎందరున్నారు, రైడ్‌లో ఎన్నో సెకను (30లో), వీడు ఎప్పుడు కదిలాడు, ఏ పట్టు, ఏమైంది. 'ఎప్పుడు కదిలాడు' అన్న దగ్గర నేను మూడు మాటలే వాడతాను: ముందే, తాకాక, తిరిగాక. రైడర్ తాకకముందే వీడు పోతే 'ముందే'. తాకిన తర్వాత పట్టుకుంటే 'తాకాక'. రైడర్ పని ముగించుకుని వెనక్కి మళ్లేటప్పుడు పోతే 'తిరిగాక'.

నాలుగు మ్యాచులయ్యాక ఆ కాగితం ముందేసుకుని 'ముందే' అన్న వరుసలు మాత్రం వేరుగా చదవండి. అవి ఎందరున్నప్పుడు జరిగాయి? ఏడుగురున్నప్పుడు ఒకడు ఔటైతే పెద్ద నష్టం లేదు, త్వరలోనే మళ్లీ లోపలికి వస్తాడు. ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు పడితే సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లు. ఆశ అక్కడే పుడుతుంది, ఆలౌట్ ప్రమాదమూ అక్కడే ఉంటుంది. తెలివైనవాడు ముగ్గురున్నప్పుడు కూడా ఎగబడతాడు, కాకపోతే అప్పుడు 'ముందే' తగ్గి 'తిరిగాక' పెరుగుతుంది. కాగితం మీద ఈ మార్పు కనిపిస్తే ఆ పిల్లాడు లెక్క చూసుకుని ఆడుతున్నాడని అర్థం. ఏడుగురున్నా ఇద్దరున్నా ఒకే తీరుగా పోతుంటే వాడికి ధైర్యం ఉంది, ఇంకా ఆట రాలేదు. పదహారేళ్లవాడైతే ఫరవాలేదు. ఇరవై రెండేళ్లవాడైతే నేను వెనకాడతాను.

ఎగబడడంలో రకాలు

అన్నిటికన్నా విలువైన ఎగబాటు బోనస్ దగ్గర జరుగుతుంది. కోర్టులో ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడే బోనస్ (రైడర్‌కు దక్కే అదనపు పాయింట్) ఉంటుంది. దాని కోసం రైడర్ ఒక కాలు బోనస్ లైన్ అవతల పెట్టి రెండో కాలు గాల్లోకి లేపాలి. ఆ ఒక్క క్షణం అతని బరువంతా ఒంటికాలి మీదే ఉంటుంది. ముందుకొచ్చిన ఆ చీలమండను పట్టుకునే పిల్లాడు దూకుడుగా కనిపిస్తాడు కానీ నిజానికి ఆగి ఆగి పోయాడు. అదే పిల్లాడు రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడి ఊరిస్తున్న రైడర్ కాళ్ల మీదికి దూకితే అది ఊరింపుకు పడిపోవడం. జనం రెండింటికీ ఒకేలా ఈల వేస్తారు, మీరు మాత్రం వేరువేరుగా రాసుకోండి.

డూ ఆర్ డై రైడ్ ఇంకో మంచి పరీక్ష. రెండు ఖాళీ రైడ్ల తర్వాత మూడోదాంట్లో పాయింట్ తేకపోతే రైడర్ ఔట్. అతను ఎట్లాగూ రావాల్సిందే, మనవాడు పోవాల్సిన పనే లేదు. ఇక్కడ కూడా ఐదో సెకనుకే మీదికి పోతున్నాడా? అలాగైతే వాడికి నియమాలు తెలుసు, గడియారం తెలియదు. చివరి ఐదారు సెకన్లలో రైడర్ తొందరపడే దాకా ఆగి అప్పుడు కదిలితే, ఆ వరుస పక్కన ఒక చుక్క పెట్టుకోండి.

ఒకే రైడర్ మీద రెండోసారి ఏం చేశాడో చూడటం మరవొద్దు. మొదటిసారి కాలు అందిస్తున్నట్టు చూపించి లాక్కుని తప్పించుకున్న రైడర్, రెండోసారీ అదే ఎత్తు వేస్తాడు. పిల్లాడు మళ్లీ అదే కాలికి పోతాడా, నడుం చూసి పోతాడా? కాలు ఎటైనా ఊగుతుంది, నడుం అంత తేలిగ్గా అబద్ధమాడదు. ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే పట్టేసిన పిల్లాడు దొరికితే ఆ రోజు మ్యాచ్ గెలిచినా ఓడినా మీ పని అయిపోయినట్టే.

పట్టు ఎక్కడ పడుతుందన్నది కూడా చూడాలి. ఊరి మ్యాచుల్లో నిక్కరు, బనియను పట్టుకుని లాగినా అంపైర్లు చూసీ చూడనట్టు వదిలేస్తారు. నియమం ప్రకారం కాళ్లు, చేతులు, మొండెం మాత్రమే పట్టాలి, బట్టలు, జుట్టు పట్టకూడదు. మీ పిల్లాడి పట్టుల్లో సగం నిక్కరు పట్టులే అయితే వాటిని కొట్టేసి మళ్లీ లెక్క వేయండి. యాంకిల్ హోల్డ్‌లో తల ఎక్కడుందో గమనించండి. తల రైడర్ మోకాలికి ఎదురుగా పోతే ఒకటి రెండేళ్లలో పళ్లో ముక్కో పోగొట్టుకుంటాడు. తల కాలికి పక్కగా, భుజం పిక్కకు ఆనుకుని ఉండాలి, రెండు చేతులూ చీలమండ వెనక కలవాలి. ఒంటి చేత్తో పట్టి వేలాడడం చూడ్డానికి బాగుంటుంది, పెద్ద రైడర్ ఒక్క విదిలింపుతో పోతుంది.

ఔటయ్యాక

నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ తెలిసేది ఇక్కడే, చాలామంది చూడనిదీ ఇదే. పట్టు తప్పి ఔటైన పిల్లాడు బయట కూర్చుంటాడు. ఆ సమయమంతా వాణ్ని చూడండి. తల దించుకుని గడ్డి పీకుతున్నాడా? అంపైర్ మీద, పక్కవాడి మీద నోరు చేసుకుంటున్నాడా? లేక కూర్చునే "అన్నా, వాడు ఎడమ కాలు ముందేస్తుండు" అని లోపలివాళ్లకు చెబుతున్నాడా?

మళ్లీ లోపలికి వచ్చిన తర్వాత మొదటి రైడ్ ఇంకా ముఖ్యం. కొందరు ఒక్క తప్పుతోనే గీత దగ్గరికి పోయి అతుక్కుపోతారు. పది నిమిషాల దాకా రైడర్ దగ్గరికొచ్చినా కదలరు. ఇంకొందరు పోగొట్టుకున్నది అప్పుడే రాబట్టాలని, వచ్చీ రాగానే మళ్లీ ఉరుకుతారు. రెండూ భయమే. మీరు వెతుకుతున్న పిల్లాడు ఆ రైడ్‌లో మామూలుగా ఆడతాడు. అవకాశం వస్తే పోతాడు, రాకపోతే పోడు. రవీందర్ పహల్ లాంటి రైట్ కార్నర్లు ముందే పోయి పట్టడంతోనే పేరు తెచ్చుకున్నారు. వాళ్ల పాత మ్యాచుల్లో తప్పిన పట్టులు కూడా కావలసినన్ని దొరుకుతాయి. పిల్లాడికి వీడియో చూపిస్తే ఆ తప్పిన పట్టుల తర్వాతి రైడ్లే చూపించండి.

ఒక మాట సీనియర్లకు. పట్టు తప్పిన ప్రతిసారీ కోర్టు పక్క నుంచి అరిస్తే వాడు ఆడేది రైడర్‌తో కాదు, మీతో. వాణ్ని అంచనా వేసే మ్యాచుల్లో అయినా నోరు కట్టేసుకోండి. లేకపోతే మీ కాగితంలో పడేది వాడి ఆట కాదు.

ఒళ్లు, వయసు, బరువు

వయసు విభాగాల్లో బరువు పరిమితి ఉంటుంది. తూకానికి రెండు రోజుల ముందు నుంచి తిండి మానేసి, ఎండలో ఉరికి, నీళ్లు కూడా తాగని పిల్లలుంటారు. అలాంటి రోజు చూసిన ఆటను బట్టి దమ్ము లేదని తేల్చకండి. "పొద్దున ఏం తిన్నవ్?" అని అడగండి, జవాబు విన్నాక అంచనా వేయండి. దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. పదహారేళ్లకే గడ్డం వచ్చి కండ పట్టినవాడు తోటివాళ్లను బలంతో పడేస్తుంటాడు. మూడేళ్ల తర్వాత అందరూ ఆ బలానికి చేరుకుంటారు. వీడికి మిగిలేది నేర్చుకున్నదే. కాగితం మీది వయసును కూడా గుడ్డిగా నమ్మొద్దు, ఆ ముచ్చట మనందరికీ తెలిసిందే. వాడితో ఒకటో తరగతిలో కూర్చున్నవాళ్లు ఇప్పుడేం చదువుతున్నారో అడిగితే చాలు.

తనకన్నా పది పదిహేను కిలోలు ఎక్కువున్న రైడర్ మీద వాణ్ని ఒక్కసారైనా చూడాలి. టోర్నమెంట్‌లో కుదరకపోతే ప్రాక్టీసులో ఏ పోలీస్, రైల్వే జట్టుకో ఆడిన అన్నను పిలిచి పది కూతలు పెట్టమనండి.

మట్టి నుంచి మ్యాట్ మీదికి

మన ఊళ్లలో జల్లెడ పట్టిన ఎర్రమట్టి పోసి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసి ఆడతారు. ఉత్త కాళ్లతో ఆడే పిల్లాడు వేళ్లు మట్టిలో దిగేసి ముందుకు దూకడం నేర్చుకుంటాడు. మ్యాట్ మీద షూ వేసుకుంటే ఆ దిగేయడం ఉండదు. పాదం ఉన్నచోటే అతుక్కుంటుంది, ఒళ్లు తిరుగుతుంది, మోకాలు మధ్యలో ఇరుక్కుంటుంది. మట్టి మీద గొప్పగా ఎగబడ్డవాడు మ్యాట్ మీద మొదటి వారం అర అడుగు ఆలస్యంగా, ఒక్కోసారి అర అడుగు ఎక్కువగా పోతాడు. కాబట్టి మ్యాట్ మీద మొదటి రోజు చూసి కొట్టేయకండి, పదో రోజు చూడండి. ఆ పది రోజుల్లో పాదం పెట్టే తీరు తనంతట తనే మార్చుకున్నాడంటే, మట్టి మీద గెలిచిన కప్పులన్నిటికన్నా నాకది ఎక్కువ.

తర్వాత ఏం చేయాలి

కాగితం బాగుంది, పిల్లాడు బాగున్నాడు అనిపిస్తే వీడియో తీయండి. ఫోన్ అడ్డంగా పట్టుకుని, ఎండ్ లైన్ వెనక కొంచెం ఎత్తు నుంచి, మ్యాచ్ మొత్తం ఆపకుండా తీయాలి. పాట పెట్టి, పట్టులు మాత్రమే అతికించిన రీల్ వాట్సాప్ స్టేటస్‌కు పనికొస్తుంది. కోచ్‌లకు తప్పిన పట్టులు కూడా కావాలి. పంపేటప్పుడు జెర్సీ నంబరు, ఏ మూలలో ఆడతాడు, ఎత్తు, బరువు, ముఖ్యమైన ఐదారు రైడ్లు వీడియోలో ఎన్నో నిమిషంలో ఉన్నాయి అన్నవి రాయండి.

దారులు కొన్ని ఉన్నాయి. చిన్నవాడైతే స్కూల్ గేమ్స్ ద్వారా రాష్ట్ర జట్టు, లేదా హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్‌లలోని క్రీడా పాఠశాలలు. డిగ్రీకి వస్తే కాకతీయ యూనివర్సిటీ జట్టు, అక్కడి నుంచి అంతర్ యూనివర్సిటీ పోటీలు. సీనియర్ జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడితే రైల్వేలు, సర్వీసెస్ (సైనిక దళాలు) లాంటి జట్ల కళ్లలో పడొచ్చు. చాలా ఇళ్లకు ప్రొ కబడ్డీ వేలం కన్నా ఆ జట్లలో దొరికే ఉద్యోగమే నికరమైన ఆదాయం. ప్రొ కబడ్డీ టీంలు కుర్రాళ్లను 'న్యూ యంగ్ ప్లేయర్' విభాగంలో తీసుకుంటాయి. టీంలో 18 నుంచి 25 మంది దాకా ఉండొచ్చు కాబట్టి ఎంపికైనవాడు మొదటి సీజన్ బెంచీ మీదే గడపడం మామూలే. ట్రయల్స్ పేరు చెప్పి ముందే డబ్బులడిగేవాడు ఎంత పెద్ద పేరు చెప్పినా ఫోన్ పెట్టేయండి.

వాళ్ల బాపు దగ్గరికి పోయినప్పుడు "మీవోడు స్టార్ అయితడు" అని మొదలుపెట్టకండి. "బాపూ, రెండేండ్లు చదువు ఆపకుండ ఆడనియ్యి. ఇంటర్ పాస్ కావాలె, మోకాళ్లు పైలం. పోయి పడుతుండు, మంచిదే. ఎప్పుడు పోవాలెనో మేం చెప్తం" అంటే చాలు. ఆయన పొలం పనుల సంగతి ఎత్తితే నాట్లు, కోతల రోజులు తీసేసి మిగతావి అడగండి. పిల్లాడికి మాత్రం ఆ కాగితం చూపించండి, 'ముందే' వరుసలతో సహా. ఆరు నెలల తర్వాత కొత్త కాగితం రాసి పాతదాని పక్కన పెట్టండి. అందులో వాడు ముందే పోయిన పట్టుల సంఖ్య తగ్గకుండా, తప్పినవి తగ్గి ఉంటే వచ్చే ట్రయల్స్‌కు బస్సు ఎక్కించండి.